ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగే ముందు: ఫోటో, వీడియో ఎడిటింగ్ చిక్కుల్లో అసలు పోయిందేమిటి?

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లోని కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లోని ఎడిటింగ్ గదులకు రాత్రీ పగలూ తేడా ఉండదు. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద యూట్యూబ్ ఛానెల్ నడిపేవాళ్లు, పాప పుట్టినరోజు వీడియో తామే చేసుకుందామనుకునే అమ్మానాన్నలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "దీనికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?" దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మీకు కావలసింది ఆ ఫైల్‌లో ఇంకా ఉందా, లేక పోయిందా?

బొమ్మ బాగాలేదు, మాట కలవడం లేదు, రంగు తేడాగా ఉంది. పైకి చూస్తే చిక్కులన్నీ ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం రెండు రకాలు. మొదటి రకంలో సమాచారమంతా ఫైల్‌లో భద్రంగా ఉంటుంది, చదివే ప్రోగ్రామే దాన్ని తప్పుగా చదువుతుంది. రెండో రకంలో ఆ సమాచారం తీసేటప్పుడో, పంపేటప్పుడో, సేవ్ చేసేటప్పుడో పోయి ఉంటుంది. మొదటిదానికి చాలాసార్లు ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. రెండోదానికి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా పోయింది తిరిగి రాదు, దాని స్థానంలో ఊహించినదేదో వచ్చి కూర్చుంటుంది. ఈ తేడా తెలియక జనం నయమయ్యే చిక్కును వదిలేసి, నయం కానిదాని మీద రాత్రంతా కూర్చుంటున్నారు.

మాట ఒకచోట, పెదవి ఒకచోట

ఫోన్‌తో తీసిన ఇంటర్వ్యూ మొదట్లో బాగానే ఉంటుంది. ఇరవయ్యో నిమిషానికి వచ్చేసరికి పెదవులు కదిలాక మాట వినిపిస్తుంది. ఫోన్ పాడైందనుకుంటారు, మైకు పాడైందనుకుంటారు. నిజానికి ఏదీ పాడవలేదు. ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములు అని చెప్పినా కచ్చితంగా 30 తీయవు. గదిలో వెలుతురు తగ్గితే, ఫోన్ వేడెక్కితే ఫ్రేముల సంఖ్య తగ్గిస్తాయి, తర్వాత మళ్లీ పెంచుతాయి. ఏ ఫ్రేమ్ ఏ క్షణానిదో ఫైల్‌లో రాసే ఉంటుంది, కాబట్టి ఫోన్‌లో చూసినప్పుడు అంతా సరిగ్గా కనిపిస్తుంది. ఎడిటింగ్ ప్రోగ్రామ్ మాత్రం ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని టైమ్‌లైన్ మీద పరిచేస్తుంది. మాట సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన తన దారిన తాను నడుస్తుంది. దాంతో రెండూ విడిపోతాయి.

మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ ఫైల్ తెరిచి, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉందేమో చూడండి. ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్‌లోకి తీసుకెళ్లి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని, క్వాలిటీ 18 దగ్గర ఉంచి మార్చుకోండి. కొత్త ఫైల్‌తో ఎడిట్ మొదలుపెడితే మాట, పెదవి కలుస్తాయి. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్లు ఇలాంటి ఫైళ్లను చాలావరకు సర్దుకుంటాయి కానీ, నిడివి ఎక్కువున్న ఫైళ్లకు ముందే మార్చుకోవడం మంచిదని నా నమ్మకం. స్క్రీన్ రికార్డింగులకూ, ఆన్‌లైన్ క్లాసుల రికార్డింగులకూ ఇదే మందు.

సింక్ పోయిన ప్రతిసారీ కారణం ఇదే అనుకోకూడదు. మొదటి నిమిషం నుంచి చివరిదాకా తేడా ఒకేలా ఉంటే ఆడియోను కాస్త ముందుకో వెనక్కో జరిపితే చాలు. తేడా నిలకడగా పెరుగుతూ పోతుంటే రెండు పరికరాల వేగాలు కలవడం లేదు. ఒకటి 30, ఇంకొకటి 29.97 అయితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. అప్పుడు ఆడియో వేగాన్ని ఆ నిష్పత్తిలో మార్చాలి. తేడా నిలకడ లేకుండా, ఒకచోట ఎక్కువగా ఇంకోచోట తక్కువగా మారుతుంటే అది ఫోన్ ఫ్రేముల గొడవ. సినిమా షూటింగుల్లో ప్రతి షాట్‌కూ క్లాప్ కొట్టేది బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికే. మనం విడిగా రికార్డర్ పెట్టి తీసేటప్పుడు మొదట ఒకసారి, చివర ఒకసారి చప్పట్లు కొడితే, ఆ రెండు చోట్లా తేడా చూసి అది ఒకేలా ఉందో, మారుతోందో వెంటనే చెప్పేయొచ్చు.

ఇలాంటిదే మరొకటి ఐఫోన్ వీడియో తెల్లగా కాలిపోయినట్టు కనిపించడం. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి అవి డాల్బీ విజన్ హెచ్‌డీఆర్‌లో, అంటే మామూలు కన్నా ఎక్కువ వెలుగు పరిధిలో, తీస్తున్నాయి. మామూలు వీడియో రంగుల ప్రమాణమైన రెక్.709 టైమ్‌లైన్‌లో వేస్తే ముఖాలు, ఆకాశం వెలిసిపోయినట్టు వస్తాయి. వివరాలన్నీ లోపలే ఉన్నాయి, వాటిని చదివే పద్ధతి తప్పింది. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ఆ క్లిప్‌ ఇన్‌పుట్‌ను రెక్.2100 హెచ్‌ఎల్‌జీ అని చెబితే రంగులు దారికొస్తాయి. ఎక్స్‌పోజర్ తగ్గించుకుంటూ కూర్చోవద్దు, అది వేరే చిక్కులు తెస్తుంది. మీకు హెచ్‌డీఆర్ అవసరమే లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియో దగ్గర హెచ్‌డీఆర్ వీడియోను ఆపేయండి.

టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందని ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు చిన్న సైజు నకళ్లు, ప్రయత్నించండి. హెచ్.264, హెచ్.265 అనే పద్ధతుల్లో కుదించిన వీడియో ఫైళ్లలో పూర్తి బొమ్మ ఎక్కడో ఒకటి ఉంటుంది. మిగతా ఫ్రేముల్లో ముందువెనకల బొమ్మలతో ఉన్న తేడా మాత్రమే రాసి ఉంటుంది. మీరు ఒక ఫ్రేమ్ మీద ఆగితే, ఆ ఒక్కదాన్ని చూపించడానికి కంప్యూటర్ చుట్టుపక్కల ఫ్రేములన్నీ లెక్కగట్టాలి. 4కే ఫైల్‌కు 720పీ ప్రాక్సీ చేసుకుని దానితో కట్ చేసి, రెండర్ అప్పుడు అసలు ఫైల్‌కు మారితే నాణ్యత ఏమాత్రం తగ్గదు. ప్రీమియర్, రిజాల్వ్ రెండింటిలోనూ ఈ సదుపాయం ఉంది.

"లక్‌ష్‌మి" అని పడిన ఫ్లెక్సీ

మనలాంటి భాషలవాళ్లకు వచ్చే ఇబ్బంది ఒకటుంది. దాని గురించి ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో పెద్దగా చెప్పరు. ఫోటోషాప్‌లో "లక్ష్మి" అని టైప్ చేస్తే "లక్‌ష్‌మి" అని పడుతుంది. వత్తు కింద చేరాల్సింది పక్కన నిలబడుతుంది. పెళ్లి వీడియో మొదటి టైటిల్‌లోనే అమ్మాయి పేరు విరిగిపోతే ఆ ఇంటివాళ్ల మనసు ఎంత చివుక్కుమంటుందో ఎడిటర్ గుర్తుంచుకోవాలి. "ఎవరూ గమనించరులే" అని వదిలేయడం నా దృష్టిలో క్షమించరానిది.

కారణం ఫాంట్ కాదు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో "క్ష" ఒక అక్షరంగా ఉండదు. క, పొల్లు, ష అని మూడు సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒకే రూపంగా గీయాల్సింది ప్రోగ్రామ్‌లోని టెక్స్ట్ ఇంజిన్. ఆ ఇంజిన్ ఇంగ్లిష్‌కు, చైనీస్‌కు మాత్రమే సిద్ధమై ఉంటే మూడింటినీ వరుసగా పేర్చేస్తుంది. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్ విభాగంలోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్ రెడీకి మార్చాలి. పాత వెర్షన్లలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. అప్పటికే టైప్ చేసిన టెక్స్ట్ ఉంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా వరల్డ్ రెడీ ఎంచుకోవాలి, లేకపోతే పాత అక్షరాలు విరిగినట్టే ఉంటాయి. ప్రీమియర్‌లో ఇదే సెట్టింగ్ ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో, సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ పేరుతో ఉంటుంది. మీరు వాడే ప్రోగ్రామ్‌లో ఇలాంటిదేదీ లేకపోతే, అక్షరాలు సరిగ్గా కలిపే ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో టైటిల్ చేసుకుని, వెనక రంగు లేని పీఎన్‌జీగా సేవ్ చేసి టైమ్‌లైన్ మీద వేసుకోండి.

అను ఫాంట్ల కథ పూర్తిగా వేరు. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే ప్రెస్సుల్లో, ఫ్లెక్సీలు కొట్టే షాపుల్లో దశాబ్దాలుగా వాటితోనే పని నడిచింది. వాటిలో లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ కనిపిస్తుంది. అక్షరాలు పోలేదు, వాటిని చదివే తాళంచెవి ఆ మెషీన్‌లో లేదంతే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక్కో పేరు, ఒక్కో తేదీ కళ్లతో చదివి సరిచూసుకోవాలి. ప్రెస్సుకు పంపేటప్పుడు టెక్స్ట్‌ను షేప్‌గా, అంటే అవుట్‌లైన్‌గా మార్చి పంపితే అవతల ఏ ఫాంట్ ఉన్నా లేకున్నా పేరు విరగదు. తర్వాత దిద్దుబాటు చేసుకోవడానికి మార్చని ఫైల్ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

యూనికోడ్‌లో టైటిళ్లకు పనికొచ్చే ఉచిత ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, సురన్న గూగుల్ ఫాంట్స్‌లోనే దొరుకుతాయి. రామభద్ర దళసరిగా ఉండి టైటిల్‌కు నిండుగా కనిపిస్తుంది. మండలి సబ్‌టైటిళ్లకు బాగుంటుంది.

తెరవని ఫైల్, చెరిపేసిన కార్డు

తలంబ్రాల మధ్యలో కెమెరా బ్యాటరీ అయిపోయింది. కార్డులో 3 జీబీల ఫైల్ కనిపిస్తోంది కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. ఎంపీ4 ఫైల్‌లో బొమ్మా శబ్దమూ ఉండేది ఒక భాగం. ఏ ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక ఇంకో భాగం, దాని పేరు మూవ్. చాలా కెమెరాలు ఆ పట్టికను రికార్డింగ్ ఆపాక, చివర్లో రాస్తాయి. మధ్యలో కరెంటు పోతే పుస్తకం కుట్టు తెగి, నంబర్లు లేని పేజీలు కుప్పగా మిగిలినట్టు అవుతుంది. పేజీలన్నీ ఉన్నాయి కాబట్టి ఆశ ఉంది. అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనానికి పాడైన ఫైల్‌తోపాటు అదే కెమెరాతో, అదే సెట్టింగ్స్‌లో తీసిన మంచి క్లిప్ ఒకటి ఇస్తే, దాన్ని చూసి పట్టికను మళ్లీ కట్టుకుంటుంది. అందుకే ఆ రోజు తీసిన మిగతా క్లిప్పుల్ని తొందరపడి డిలీట్ చేయకూడదు.

కార్డు పొరపాటున ఫార్మాట్ అయినా ఇలాగే ఆలోచించాలి. మామూలు ఫార్మాట్ ఫైళ్ల జాబితానే చెరుపుతుంది, ఫోటోలు కార్డులో అలాగే ఉంటాయి. వాటి మీద కొత్త ఫోటోలు రాసేస్తే మాత్రం పోయినట్టే. కాబట్టి కార్డు తీసి పక్కన పెట్టి, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికించి, దొరికినవాటిని వేరే డిస్కులో దాచండి. మంటపంలో కంగారుపడి అదే కార్డుతో మళ్లీ షూట్ మొదలుపెట్టడమే అన్నిటికన్నా పెద్ద నష్టం.

మిణుకుమనే లైట్లు

ఫంక్షన్ హాల్‌లో తీసిన వీడియోలో వెలుగు కొట్టుకుంటుంది, లేదా నల్లటి అడ్డగీతలు పైకీ కిందకీ పాకుతాయి. ఇందులో కొంత లెక్క ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మెరిసి తగ్గుతాయి. మన కంటికి అది తెలియదు. ఫోన్ 30 ఫ్రేముల్లో తీస్తూ షటర్ 1/60, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు సెకనులో అరవయ్యో వంతు సేపు వెలుగు పట్టేలా, పెట్టుకుందనుకోండి. ఒక్కో ఫ్రేమ్‌లో ఒకటిన్నర పైచిలుకు మెరుపులు పడతాయి. ఒక ఫ్రేమ్‌కు వెలుగు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ వచ్చి, మూడు ఫ్రేములకొకసారి అదే క్రమం మళ్లీ వస్తుంది. షటర్ 1/50 లేదా 1/100 పెడితే ప్రతి ఫ్రేమ్‌లోనూ మెరుపులు పూర్తిగా లెక్కకొస్తాయి, మిణుకు పోతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడివాళ్ల వీడియోలు చూసి 1/60 పెట్టుకున్నవాళ్లందరికీ ఇక్కడ ఈ తిప్పలు తప్పవు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ పెట్టండి. ఐఫోన్‌లో పాల్ ఫార్మాట్లు చూపించమంటే 25 ఫ్రేములు దొరుకుతాయి.

తీసేశాక తెలిస్తే? రిజాల్వ్ డబ్బులు కట్టే వెర్షన్‌లో డీఫ్లికర్ ఉంది, బాగా పనిచేస్తుంది. ఉచితంగా కావాలంటే ఇలా చేయండి. మిణుకు మూడు ఫ్రేములకొకసారి తిరిగొస్తోంది కాబట్టి అదే క్లిప్‌ను మూడు లేయర్లుగా పేర్చి, ఒక్కోటి ఒక్కో ఫ్రేమ్ జరిపి, కింద 100, మధ్యలో 50, పైన 33 శాతం ఒపాసిటీ (లేయర్ ఎంత గాఢంగా కనిపించాలో) ఇవ్వండి. మూడింటి సగటు వచ్చి వెలుగు నిలబడుతుంది. స్టేజీ మీద కూర్చున్న పెద్దల షాట్‌కు ఇది చక్కగా కుదురుతుంది. బారాత్‌లో డాన్స్ చేసేవాళ్లకు వాడితే చేతుల వెనక నీడలు వస్తాయి. స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరలు మాత్రం వేరే వేగంతో మెరుస్తాయి. 1/50 పెట్టినా గీతలు పోకపోతే కెమెరాలో షటర్‌ను చిన్న చిన్న మెట్లుగా మార్చి చూడాలి, అదీ ముహూర్తానికి ముందే.

చేయి వణికిన వీడియోకు గైరోఫ్లో అనే ఉచిత ప్రోగ్రామ్ బాగుంటుంది. కెమెరా గైరో (కదలికను కొలిచే సెన్సర్) లెక్కలు రాసి ఉంచితే వాటితో కదలికను సరిచేస్తుంది. వణుకు వల్ల ఫ్రేమే మసకబారి ఉంటే స్థిరంగా నిలబడేది ఆ మసకే.

హల్దీ పసుపు, పట్టుచీర ఎరుపు

హల్దీ ఫోటోల్లో పెళ్లికూతురి ముఖం ఒక్కోసారి వెలిసిన ఊదారంగులోకి వెళ్తుంది. చుట్టూ బంతిపూలు, పసుపు తెరలు, పసుపు బట్టలు. తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ అంత పసుపును చూసి లైటే పసుపుగా ఉందనుకుని నీలాన్ని కలిపేస్తుంది. ఫోటో రా ఫైల్‌గా, అంటే సెన్సర్ చూసింది మార్చకుండా దాచే ఫైల్‌గా, తీసి ఉంటే చింతే లేదు. రా ఫైల్‌లో వైట్ బ్యాలెన్స్ పక్కన రాసిన ఒక సూచన మాత్రమే, లైట్‌రూమ్‌లోనో ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనో మార్చుకోవచ్చు. జేపెగ్ అయితే ఆ నిర్ణయం ఫోటోలో కలిసిపోయింది. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, ఎక్కువ లాగితే చర్మం మీద మచ్చలు మచ్చలుగా చారలు తేలతాయి.

కిటికీ వెలుతురు ఒకవైపు, పసుపు బల్బు ఇంకోవైపు ఉన్న గదిలో ఒక్క స్లైడర్‌తో ఎప్పటికీ కుదరదు. ముఖంలో సగం నీలం, సగం పసుపు. రెండు మాస్కులు వేసి రెండు వైపులా విడిగా సరిచేయాలి.

ఎర్ర పట్టుచీర ఇంకా పెద్ద పరీక్ష. పోచంపల్లి చీర మీది నేత, కంచి చీర మడతలు ఫోటోలో ఒకే ఎర్రటి ముద్దగా వస్తాయి. మొత్తం హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే పటం) చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. మూడు రంగులు విడిగా చూపించే హిస్టోగ్రామ్‌లో ఎరుపు కుడి గోడకు గుద్దుకుని కనిపిస్తుంది. ఇక్కడే మొదటి ప్రశ్న పనికొస్తుంది. రా ఫైల్‌లోనూ ఎరుపు నిండిపోయి ఉంటే నేత పోయినట్టే. రా ఫైల్‌లో ఉండి, తెరలకు మామూలుగా వాడే రంగుల పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీకి మార్చేటప్పుడు ఇమడక ముద్దయితే, ఎరుపు సాచురేషన్, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి మళ్లీ ఎగుమతి చేయండి. దారాలు ఒక్కొక్కటిగా తేలతాయి. చాలామంది దీనికి ఉల్టాగా షార్ప్‌నెస్ పెంచుతారు.

ముఖం తెల్లగా చేసే ఫిల్టర్ల గురించి ఒక మాట. రంగులను గుండ్రటి పటం మీద చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మపు రంగు గీత ఒకటుంటుంది. తెల్లటివాళ్లదైనా, చామనఛాయవాళ్లదైనా, నల్లటివాళ్లదైనా చర్మం దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. తేడా వెలుగులో ఉంటుంది. ఎడిటర్ పని ఆ గీత దగ్గరికి తీసుకురావడం వరకే. పెళ్లికూతురి ఛాయను మార్చే హక్కు ఎడిటర్‌కు లేదు. ఇంటివాళ్లు అడిగినా ముందు మార్చని ఫోటో చూపించి మాట్లాడండి.

పగిలిన ఫోటో

మన పెళ్లి ఆల్బమ్‌లలో 12 బై 36 అంగుళాల షీట్ మామూలు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన దానికి 3600 బై 10800 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 4032 బై 3024 ఉంటుంది, షీట్‌లో మూడో వంతు చోటులో హాయిగా కూర్చుంటుంది. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెళ్ల దాకా తగ్గిపోతుంది. అది 300 డీపీఐలో 5 అంగుళాల పైచిలుకు. దాన్ని షీట్ ఎత్తంతా పరిస్తే పగులుతుంది. ఫోటోషాప్‌లో 72 డీపీఐని 300 అని మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. బంధువుల్ని ఫోటోలు అడిగేటప్పుడే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. 2 జీబీల దాకా ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆల్బమ్ ల్యాబ్‌కు వెళ్లే ఫైళ్లు ఎస్‌ఆర్‌జీబీలో ఉన్నాయో లేదో చూసుకోండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే, ల్యాబ్‌లో దాన్ని గుర్తించకుండా చదివితే రంగులు నీరసంగా వస్తాయి.

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు దీని తలకిందుల సమస్య. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ఫారానికి ఫోటో 200 బై 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. ముందు పిక్సెళ్లు తగ్గించి తర్వాత క్వాలిటీ చూసుకుంటే ముఖం స్పష్టంగానే ఉంటుంది. పెద్ద ఫోటోను క్వాలిటీ తగ్గించి మాత్రమే 50 కేబీకి నొక్కితే గళ్లు గళ్లుగా అవుతుంది. జేపెగ్ బొమ్మను 8 బై 8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి కుదిస్తుంది, మీకు కనిపించే గళ్లు అవే.

ఊహించి గీసిన ముఖాలు

సీసీటీవీలో బండి దొంగ దొరికాడు, నంబర్ ప్లేటు మసగ్గా ఉంది. ఏఐ అప్‌స్కేలర్‌లో వేస్తే అంకెలు అద్దంలా కనిపిస్తాయి. అవి ఆ బండి అంకెలు కాకపోవచ్చు. నాలుగు పిక్సెళ్ల మచ్చ 8 అయినా కావొచ్చు, 3 అయినా కావొచ్చు. ఏఐ అలాంటి మచ్చలకు తాను నేర్చుకున్నవాటిలో ఎక్కువగా కుదిరేది ఎంచుకుని గీస్తుంది, అనుమానం ఉన్న సంగతి మనకు చెప్పదు. తప్పు నంబర్‌తో ఎవరి ఇంటి తలుపు తడతారో ఆలోచించండి.

నిజంగా పనికొచ్చే దారి ఒకటుంది. బండి పది ఇరవై ఫ్రేముల్లో కనిపిస్తే ఒక్కో ఫ్రేమ్‌లో ప్లేటు ఒక్కో రకంగా పిక్సెళ్ల మీద పడుతుంది. ఆ ఫ్రేముల్ని ఫోటోషాప్‌లో లేయర్లుగా తెచ్చి, ప్లేటు ఒకదానిమీదొకటి కలిసేలా సర్ది, సగటు తీస్తే గింజలు తగ్గి అసలు ఆకారం తేలుతుంది. ఇందులో ఊహ లేదు, ప్రతి పిక్సెల్ కెమెరా చూసిందే. ముందు చేయాల్సింది సీసీటీవీ రికార్డర్ (డీవీఆర్) నుంచి అసలు ఫైల్‌ను కాపీ తీసుకోవడం. హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిగిపోతుంది. తెర మీద ఫోన్ పెట్టి తీసిన వీడియో దానికి సాటి రాదు. కేసు దాకా వెళ్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. ఎడిట్ చేస్తే ఆ విలువ మారిపోతుంది. కాబట్టి అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా కాపీ మీదే పనిచేయాలి.

ఇంట్లో దండ వేసి ఉన్న నానమ్మ ఫోటో విషయంలో నాకు ఇంకా ఎక్కువ పట్టింపు. పాత ఫోటోలను బాగుచేసే యాప్‌ల మాదిరి పనిచేసే జీఎఫ్‌పీగ్యాన్ అనే మోడల్ 2021లో వచ్చింది. దాన్ని ఫ్లికర్ నుంచి సేకరించిన 70,000 ముఖాల ఫోటోలతో తయారుచేశారు. మసకబారిన ముఖం ఇస్తే ఆ ముఖాల్లో నేర్చుకున్న కళ్లు, పెదవులు, చర్మం తెచ్చి అతుకుతుంది. ఫలితం చాలా అందంగా ఉంటుంది. ముక్కుపుడకను గీతగా అనుకుని చెరిపేయొచ్చు, నుదుటి మీది పచ్చబొట్టు పోవచ్చు, చిన్న పెదవి పెద్దదవొచ్చు. ఆమెను చూసినవాళ్లు ఇంట్లో ఉన్నంతకాలం "ఈమె ఆమెలా లేదే" అని పట్టుకుంటారు. తర్వాతి తరానికి ఆమె ముఖం అదే అయిపోతుంది.

పాత ఫోటోకు ముందు సాఫ్ట్‌వేర్ కన్నా మంచి స్కాన్ ముఖ్యం. 600 డీపీఐ, 16 బిట్ టిఫ్ చేయించండి. గీతలు, చిరుగులు హీలింగ్ బ్రష్‌తో, క్లోన్ స్టాంప్‌తో చేత్తో పూడ్చండి, ఉచితంగా గింప్‌లోనూ చేయొచ్చు. కొన్ని దశాబ్దాల కిందటి రంగు ఫోటోలు ఎర్రబారి ఉంటే దిగులు పడకండి. ప్రింటులోని మూడు రంగులు ఒకే వేగంతో వెలిసిపోవు, వెలిసినదాంట్లోనూ కొంత మిగిలే ఉంటుంది. లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా తెరిచి, ఒక్కోదాని రెండు చివరలను హిస్టోగ్రామ్ మొదలూ ముగిసే చోటికి జరిపితే, చీర రంగు, గోడ రంగు, ముఖం కళ చాలావరకు తిరిగొస్తాయి. ముఖానికి ఏఐ వాడక తప్పకపోతే దాన్ని వేరే లేయర్‌గా పెట్టి, ఒపాసిటీ 30 శాతం దాటనివ్వకండి. ఆమెను ఎరిగిన పెద్దవాళ్లకు రెండూ పక్కపక్కన చూపించండి. ఫైల్ పేరులోనే ఒకదానికి "అసలు స్కాన్" అనీ, ఇంకోదానికి "ముఖం ఏఐతో మార్చినది" అనీ రాసి, రెండూ కలిపే దాచిపెట్టండి.